పన్నెండు పడక కుర్చీలు

ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్ళూ నేను చేసిన పని కుర్చీల్లో కూర్చోవడం. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళు ప్రభుత్వంలో చాలామందే ఉంటారు గానీ, కూర్చోవడమే ఉద్యోగమైనవాణ్ణి మా శాఖలో నేనొక్కణ్ణే. శాఖలో కొత్తగా చేరిన మీకు ఇది హాస్యంగా తోచవచ్చు. నియామకపత్రంలో మాత్రం గంభీరంగానే రాశారు: 'కృష్ణా డెల్టా ప్రాంతంలో చేతిపని గృహోపకరణముల సర్వే.' చరిత్రలో ఎమ్మే చదివాను. దేశచరిత్ర అంతా చదివినవాడు బల్లల చరిత్ర రాయలేకపోతాడా అని ఎవరో అనుకుని ఉంటారు.

డెబ్భైల మధ్యలో మా ఆఫీసు బెజవాడ భవానీపురంలో ఒక అద్దె ఇంట్లో ఉండేది. ఇంటివాళ్ళు బట్టలు ఆరేయని రోజున వెనక వసారాలోంచి కృష్ణ కనబడేది. ఒక ఆఫీసరు, ఒక గుమాస్తా, ఒక బంట్రోతు, నేను. నాకు ఒక స్టీలు టేపు, ఒక నోటుబుక్కు ఇచ్చారు. బస్సులెక్కి ఊళ్ళు తిరిగి, పాత ఇళ్ళలో పాత సామాను చూసి, కుర్చీ అయితే కూర్చుని చూసి, కొలతలు రాసుకుని రావాలి. ముసలివాళ్ళు నన్ను జప్తు చేయడానికి వచ్చిన కోర్టు అమీనా అనుకునేవారు. కాదని తెలిశాక కాఫీ ఇచ్చేవారు.

ఆ తిరుగుడులో నేర్చుకున్నది కొంత చెబుతాను. మన డెల్టా ఇళ్ళలో మొదట్లో కుర్చీ అన్నది లేదు. పీట, అరుగు, నులకమంచం ఉంటే మనిషికి సరిపోయేది. కలిగినవాళ్ళకి పందిరిమంచం, ఉయ్యాలబల్ల, నలుగురు మోస్తే తప్ప కదలని భోషాణం. కుర్చీ సముద్రం మీంచి వచ్చింది. బందరు రేవులో దిగిన వర్తకులు మన వడ్రంగుల చేత నల్లచేవ కర్రతో కుర్చీలు చేయించుకున్నారు. వాళ్ళడిగింది కూర్చోవడానికి కుర్చీ. మనవాళ్ళు దాని వీపు మీద హంసల్ని, తీగల్ని, చేపతోక ఉన్న ఆడవాళ్ళని చెక్కి ఇచ్చారు. వాటికి వీపు ఆనించినవాడికి ఎలా ఉండేదో చరిత్రలో లేదు.

తరవాత కాలవలు తవ్వించిన దొరలొచ్చారు. పొద్దస్తమానం గుర్రం మీద గట్ల వెంట తిరిగి, బంగళాకి వచ్చి, వాలుగా ఉన్న కుర్చీలో పడి, దాని పొడుగాటి చేతుల మీద రెండు కాళ్ళూ జాపుకునేవారు. ఆ కుర్చీ విరిగితే బాగుచెయ్యమని ఊరి వడ్రంగిని పిలిచారు. వడ్రంగి బాగుచేసి, ఇంటికెళ్ళి అలాంటిదే ఇంకొకటి చేశాడు. కానీ అచ్చంగా అదే కాదు. మజ్జిగ గ్లాసు నిలిచేలా చేతుల్ని వెడల్పు చేశాడు. ఉక్కకి ఒళ్ళంటుకోకుండా పేము అల్లించాడు. కాళ్ళు జాపుకునే కర్రల్ని, అక్కర్లేనప్పుడు కిందికి మడిచేలా మార్చాడు, ఎందుకంటే మన ఇళ్ళలో పెద్దల ముందు కాళ్ళు జాపుకోకూడదు. రంగూన్ నుంచి ఓడల మీద టేకు దిగుతున్న రోజులవి. జమీందారు చేయించుకున్నాడు, ఆయన్ని చూసి కరణం, కరణాన్ని చూసి మోతుబరి రైతు. దొర అలిసిపోయి పడుకున్న కుర్చీ, మూడు తరాలు తిరిగేసరికి మన ఊళ్ళలో తగువులు తీర్చే కుర్చీ అయింది. దానిమీద పడుకుని చెప్పిన తీర్పులెలా ఉండేవో ఊహించుకోవచ్చు.

ఆ కుర్చీల్లో ఏముందని మీరు అడగవచ్చు. ఎప్పుడైనా పాత కుర్చీ కనబడితే చెయ్యి కింద పెట్టి చూడండి. ఎవరి కంటికీ పడని ఆ అడుగుభాగం కూడా చిత్రికపట్టి నున్నగా ఉంటుంది. మోచెయ్యి తగిలే చోట అంచు ఉండదు. ఒక్క ఇనపమేకు ఉండదు. ఒక కర్రని నాలుకలా చెక్కి, రెండో కర్రని తొలిచి, దిగగొట్టి, అడ్డంగా వెదురు మేకు బిగిస్తారు. అంతే. నేను తిరిగే నాటికి ఇళ్ళలోకి వైరు అల్లిన ఇనపకుర్చీలు, సన్‌మైకా బల్లలు వచ్చేశాయి. పడక కుర్చీలు పశువుల కొట్టాల్లో చిట్టు బస్తాలు మోస్తుండేవి.

కంకిపాడు దగ్గర ఒక పల్లెలో ఈ కుర్చీలు ఇంకా చేయగలిగిన మేస్త్రి ఒకాయన ఉన్నాడని నాలుగో ఏట తెలిసింది. అరవై దాటినవాడు. అక్కడి చర్చిలో సంఘ పెద్ద. చదువు రాదు. పాటల పుస్తకం మాత్రం తలకిందులుగా పట్టుకున్నా తప్పు లేకుండా పాడతాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన చేతికింద ఐదుగురు వడ్రంగులు. అందరూ ఆయన తమ్ముడి కొడుకులో, మేనల్లుళ్ళో. ఆరుగురికీ పని వచ్చు. కర్ర లేదు. రంగూన్ టేకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. మన అడవుల టేకు కావాలంటే సర్కారు డిపోలో కోటా ఉండాలి. కోటా కావాలంటే మా శాఖ సిఫారసు ఉండాలి. అది లేక వాళ్ళు తుమ్మతో నాగళ్ళు, వేపతో గుమ్మాలు చేస్తున్నారు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి మా ఆఫీసుకి ఒక కాగితం వచ్చింది. కొత్త అతిథిగృహానికి పన్నెండు పడక కుర్చీలు కావాలి, చేతిపని అయివుండాలి, డ్రాయింగు జతచేయడమైనది. కుర్చీలు పాసైతే చేసినవాళ్ళకి ఏటా టేకు కోటా.

నేను ఆ డ్రాయింగు పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఇంటి వెనక పాకలో పని. చూరుకి తాటాకు ముక్కలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ మడతలు, దారం ముడులు. అవేమిటని అడిగాను.

"కొలతలండి," అన్నాడు మేస్త్రి. "ఇది మునసబుగారు. ఇది పోయిన పాస్టరుగారు. ఇది కాలవ ఓవర్సీరుగారు, ఆయనకి కుడికాలు రవ్వంత పొట్టి."

ఆయన పద్ధతి అది. మనిషిని కొలవకుండా కుర్చీ చెయ్యడు. మడమ నుంచి మోకాలు, మోకాలు నుంచి నడుము, నడుము నుంచి మెడ, మోచెయ్యి ఎత్తు. ఒక్కో కొలతకి తాటాకు మీద ఒక్కో మడత. చొక్కాకి దర్జీ ఎలాగో అలాగ.

డ్రాయింగు పరిచాను. ఆయన దాన్ని చాలాసేపు మర్యాదగా చూశాడు.

"బొమ్మ బాగుందండి. ఇందులో మనిషెవరు?"

"ఎవరూ లేరండి. సగటు మనిషి."

"సగటు మనిషికి నడుం ఎక్కడ నెప్పి పుడతదో నాకు తెలవదండి."

"అతిథిగృహం గదండీ, ఎవరెవరో వస్తారు."

"ఎవరెవరికో చేసేది బెంచీ అండి. కుర్చీ కాదు."

ఆయన వేళాకోళం ఆడటంలేదు. ఆడింది నేను. "మేస్త్రిగారూ, సగటు మనిషిని చూడాలంటే నన్ను చూడండి. మార్కుల్లో సగటు, జీతంలో సగటు, అందంలో అంతకంటే కాస్త తక్కువ. నన్నే కొలుచుకోండి," అన్నాను.

మేనల్లుళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. కొత్త తాటాకు తీసి నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. అరగంట కొలిచాడు. ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, నడుం నెప్పి ఉందా, చదివేటప్పుడు పుస్తకం ఎక్కడ పెట్టుకుంటారు అని అడిగాడు. నా నడుం గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు. సంతోషం వేసింది. లేస్తూ, "రూపం కాగితంలో ఉన్నట్టు. మిగతాది మీ ఇష్టం," అని బస్సెక్కాను.

నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. డ్రాయింగులోని సగటు మనిషి ఐదడుగుల ఎనిమిది. ఈ సంగతి నాకు తట్టలేదు. తట్టడానికి అక్కడ నేను చేసిన పనేమీ లేదు, ఒక జోకు వేసి వచ్చానంతే.

మేస్త్రి దగ్గర పాత బంగళా ఒకటి పడగొట్టినప్పుడు కొన్న రంగూన్ టేకు దూలాలు నాలుగు ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఇంటి పక్కన ఎత్తుగా పేర్చి పెట్టుకున్నాడు. లెక్కగా కోస్తే పన్నెండు కుర్చీలవుతాయి, పదమూడోది కాదు. వాటిని కోయించాడు. "కోటా వస్తదంటున్నారు గదండీ, ఇంకా దాచుకోవడం ఎందుకు," అన్నాడు.

పని నడుస్తుండగా మూడుసార్లు వెళ్ళి టేపు పెట్టి చూడటం నా బాధ్యత. మొదటిసారి వెళ్ళేసరికి మేస్త్రి భార్య చేపల పులుసు చేసింది. భోజనం దగ్గర మా ఆవిడకి ఏడో నెల అనీ, రెండేళ్ళు పొడిగించిన నా ప్రొబేషను పై నెలాఖరుతో పూర్తవుతుందనీ, పర్మనెంటు చేస్తారో పంపించేస్తారో తెలియదనీ చెప్పాను. తిన్నాక బస్సు టైమయింది. రెండోసారి వాన. మూడోసారి అన్నీ తయారై వరసగా ఉన్నాయి. నేను ఒకదాంట్లో కూర్చున్నాను.

దాని గురించి చెప్పడం కష్టం. అరికాళ్ళు రెండూ నేలకి ఆనాయి. చిన్నప్పటినుంచీ ఏ కుర్చీలో కూర్చున్నా నా కాళ్ళు వేలాడేవి. మోచేతుల్ని ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టుంది. నడుం నెప్పి పుట్టే చోట పేము కొద్దిగా ముందుకు వచ్చి ఆగింది. నిద్రపోయాను. లేచాక, ఇంత బాగున్నదాన్ని కొలవడం మర్యాద కాదనిపించింది. ఫారంలో 'డ్రాయింగు ప్రకారము ఉన్నవి' అని రాసి సంతకం పెట్టాను.

తనిఖీ రోజున కుర్చీల్ని గడ్డిలో చుట్టి లారీలో భవానీపురం తెచ్చారు. మేస్త్రి తెల్లపంచె, చర్చికి తొడుక్కునే చొక్కా. ఐదుగురు కుర్రాళ్ళూ వచ్చారు. వెనక వసారాలో పన్నెండు కుర్చీలూ వేశాక మా ఆఫీసు మొదటిసారి మనుషులు ఉండే చోటులా కనబడింది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు ఆరడుగుల మనిషి, మంచి బరువు. చుట్టూ తిరిగి చూసి, చేత్తో తడిమి, "బ్రహ్మాండం," అన్నాడు. తరవాత కూర్చున్నాడు.

ఆయన మోకాళ్ళు ఛాతీ దగ్గరికొచ్చాయి. కుర్చీ చేతులు రెండూ ఆయన్ని రెండువైపులా పట్టుకున్నాయి. లేవబోతే కుర్చీ కూడా ఆయనతో కొంతదూరం లేచింది. ఎవరూ నవ్వలేదు. ప్రభుత్వంలో నవ్వడానికి ముందు ఎవరు నవ్వుతున్నారో చూస్తారు.

టేపు తెమ్మన్నాడు. ఎత్తు రెండున్నర అంగుళాలు తక్కువ. లోతు మూడు తక్కువ. వెడల్పు రెండు. ఒకటి కొలిచాడు, ఇంకొకటి, మొత్తం పన్నెండూ.

"అన్నిట్లోనూ ఒకే తేడా," అన్నాడు. "తప్పు కూడా ఇంత ఖచ్చితంగా చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. డ్రాయింగు ప్రకారం ఉన్నాయని సంతకం పెట్టిందెవరు?"

నేనే అన్నాను.

"టేపు పెట్టావా?"

ఇక్కడ మీరు కొంచెం నెమ్మదిగా చదవండి. నాకు రెండు మూడు జవాబులు అందుబాటులో ఉన్నాయి. పెట్టలేదండి అనొచ్చు. నన్ను కొలిచి చేశారండి అనొచ్చు. అసలు చెప్పకపోయినా, ఆ కుర్చీల పక్కన నిలబడ్డ నన్ను ఎవరైనా ఒకసారి తలెత్తి చూస్తే విషయం తెలిసిపోయేది. ఆ వసారాలో నా అంత పొట్టివాడు ఇంకొకడు లేడు.

"పెట్టానండి. అప్పుడు సరిగ్గానే ఉన్నాయి," అన్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. "పచ్చి కర్ర వాడినట్టున్నారు సార్. తరవాత ఆరి, కుంచించుకుపోయి ఉంటుంది."

చదువుకున్నవాడికి మాట వెంటనే దొరుకుతుంది. అదే చదువు వల్ల వచ్చే నష్టం.

పచ్చి కర్ర ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది. నిలువున కుంచించుకోదు. కుర్చీకాలు ఎత్తు తగ్గడం ఉండదు. ఇది ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. హైదరాబాదు ఆఫీసరుకి తెలియదు. మేస్త్రికి తెలుసు. ఒక్క ముక్క అంటే నా పని అయిపోయేది.

ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, పచ్చి కర్రేనా?"

మేస్త్రి నన్ను చూశాడు. కోపంగా కాదు. పాకలో నన్ను కొలిచినప్పటిలాగే, ఎక్కడ ఎంత ఉందో చూసుకుంటున్నట్టు చూశాడు. నేను ఫారం చూసుకున్నాను.

"అవునండి," అన్నాడు. "కర్ర చూసుకోలేదండి. పొరపాటు నాదే."

మెట్ల దగ్గరున్న ఐదుగురిలో ఒకడు, "అదేంటి మావయ్యా," అన్నాడు. మేస్త్రి చెయ్యెత్తాడు. వాడు ఆగిపోయాడు.

మా ఆఫీసరు ఒకసారి నన్ను, ఒకసారి కుర్చీల్ని చూశాడు. ఆయన తెలివైనవాడు. అందుకే ఏమీ అనలేదు.

రిపోర్టులో 'నాణ్యతలేని పచ్చి కలప వినియోగించినందున' అని రాశారు. ముసాయిదా నాదే. కోటా దరఖాస్తు తిరస్కరించారు, ఇకమీదట పరిశీలించనవసరం లేదని కూడా రాశారు. ఆ నెలాఖరున నన్ను పర్మనెంటు చేశారు. ఆ తరవాతి నెలలో అమ్మాయి పుట్టింది. ఇంటికెవరొచ్చినా, అదృష్టజాతకురాలు, వస్తూనే నాన్నకి ఉద్యోగం తెచ్చింది అనేవారు. నేను వక్కపొడి అందించేవాణ్ణి.

నాలుగు నెలలకి ఒక ఆదివారం ధైర్యం చేసి కంకిపాడు బస్సెక్కాను. మేస్త్రి ఇంట్లో లేడు. పాక ఖాళీగా ఉంది. ఆయన భార్య చాట పక్కనపెట్టి లేచి, మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది.

"కుర్రాళ్ళెవరూ లేరేమమ్మా," అన్నాను.

"ఇద్దరు హనుమాన్ జంక్షన్లో లారీలకి చెక్కలు కొడతన్నారండి. ఒకడు సామిల్లులో. పెద్దాడు, చిన్నాడు ఊరొదిలేశారు. ముసలాడు లేని పచ్చికర్రని ఒప్పుకుని మమ్మల్ని ముంచాడన్నారు. అంటారు గదండీ మరి, నోటికాడ కోటా పోయాక." ఆవిడ చాటలో మినుములు మళ్ళీ కదిపింది. "ఆ దూలాల మీద ఇరవై ఏళ్ళు మినుములు ఆరబోసుకున్నాను. అది పచ్చికర్రయితే నేను పెళ్ళికూతుర్ని."

నేను నీళ్ళు తాగాను.

"ఎందుకన్నావయ్యా ఆ మాట అంటే చెప్పడు. ఆ రోజునుంచీ ప్రభువు బల్లకి లేవడంలేదండి. అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోడానికి ముందుకెళ్తారు, ఈయన వెనక బెంచీలోనే కూర్చుంటాడు. సంఘానికి పెద్ద. పాస్టరుగారు అడిగితే, అబద్ధం ఆడానయ్యగారూ అన్నాడంట. ఏం అబద్ధం అంటే చెప్పడంట."

అప్పుడు చెప్పాను. జోకు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా. ఆవిడ మినుములు చెరగడం ఆపలేదు. అంతా అయ్యాక, "పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా," అంది.

"ఆడపిల్లండి."

"బాగుందా?"

"బాగుందండి."

అంతలో మేస్త్రి వచ్చాడు. నన్ను చూసి చెప్పులు విడుస్తూ, "ఎంతసేపయిందండీ వచ్చి? భోంచేశారా?" అన్నాడు. నిలబడే మొదలుపెట్టాను. రేపే ఆఫీసులో రాసిచ్చేస్తానని, కర్ర మంచిదని, తప్పు నాదని, కోటా సంగతి మళ్ళీ చూడమంటానని.

ఆయన ఓపిగ్గా విన్నాడు.

"కోటా వచ్చినా చేసేవోళ్ళేరండీ," అన్నాడు. "రాయండి. రాస్తే మీకు మంచిదే."

"మీకు కూడా గదండీ. చర్చిలో..."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ చాటలోకి చూసుకుంది.

"మీరు రాస్తే మీ అబద్ధం పోద్దండి," అన్నాడు. "నేనాడింది నాదే గదా. నన్నెవరూ ఆడమన్లేదు. మీ ఆవిడకి ఏడో నెలన్నారు, నోటికొచ్చేసింది. మళ్ళీ అడిగినా అదే వస్తదేమో. తప్పయిందని దేవుడికెట్టా చెప్పను?"

ఎమ్మేలో ఆ పాఠం లేదు. బస్సుదాకా ఆయన నాతో వచ్చి, కండక్టరుతో చెప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

ఆ కాగితం మూడుసార్లు రాశాను. మూడోసారి ఇంగ్లీషు చాలా బాగా కుదిరింది. సొరుగులో పెట్టాను. వచ్చే వారం ఇద్దామనుకున్నాను. తరవాత బదిలీ అయింది, తరవాత ప్రమోషను, సొరుగు మారింది.

ఆయన మళ్ళీ బల్లకి లేచాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం పెద్ద పని కాదు, బెజవాడ నుంచి కంకిపాడుకి గంటకి నాలుగు బస్సులు. బందరు వెళ్ళేదీ ఆ రోడ్డు మీదే, రిటైరయ్యేదాకా నేను దాన్ని ఎక్కలేదు. బందరులో పని పడితే గుడివాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. అంత దూరం ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, ఆ బస్సులో సీటు దొరుకుతుందని చెప్పేవాణ్ణి.